నా పచ్చ కళ్లు, నాయిన పరువు

ఆ వయసులో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేదు గానీ, ఆ ఏడాది మాత్రం నిజంగానే కారణం ఉంది. సూర్యాపేటలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండగా నా కళ్లు పచ్చబడ్డాయి. అంతే, ఇంట్లో, బస్సులో, కాలేజీలో ప్రతివాళ్లూ వైద్యులైపోయారు. పచ్చకామెర్లని తేల్చేసి అమ్మ నన్ను కోదాడలో పెద్దమ్మ ఇంటికి పంపింది. అక్కడ పసరు పోసే ఒకాయన ఉన్నాడట. ఆ పసరు ఇప్పుడు గుర్తొచ్చినా నాలుక ముడుచుకుపోతుంది. పైగా ఉప్పు, నూనె, కారం నలభై రోజులు బంద్. (ఆ నలభై రోజుల్లో పెద్దమ్మ ఇంట్లో మూడుసార్లు చేపల పులుసు వండారు. నేను మర్చిపోలేదు.)

నలభయ్యో రోజున నా కళ్లు చూసి పెద్దమ్మ, "ఇంకా తగ్గలేదేందే? దొంగచాటుగా ఏమన్నా తిన్నావా?" అంది. చప్పటి మజ్జిగన్నం కంచం అవతలికి నెట్టి, "తింటే గిట్ల ఎండుకపోతనా?" అని అరిచి, బట్టలు సంచిలో కుక్కుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. నాయిన అక్కడ రైసు మిల్లులో మిషన్ నడిపేవాడు, వారానికోసారి ఇంటికొచ్చేవాడు.

నిజానికి నాయిన మీదా నాకు కోపమే. ఆయన కళ్లు ఎప్పుడూ కాస్త పచ్చగా, అలసటగా ఉండేవి. తాగుతాడని చుట్టాలంతా అనేవాళ్లు. తాగి ఇంటికి రావడం మేమెవరం చూడలేదు. "మీకు కనవడ్తలేదంటే మస్తు తెలివిగ తాగుతున్నడన్నట్టు" అని మేనమామ తీర్పు. నేనూ నమ్మాను.

మిల్లు గేటు దగ్గర నన్ను చూడగానే నాయిన, "తిన్నవా బిడ్డా?" అన్నాడు. ఏడుపొచ్చింది. అదీ కోపంగానే ఏడ్చాను. ఆ సాయంత్రమే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె నా ఎడమ పక్కటెముకల కింద నొక్కి చూసి నెత్తురు పరీక్షలు రాసింది. మూడో రోజు కాగితాలు ముందు పెట్టుకుని చెప్పింది.

"నీ లివర్ మంచిగనే ఉంది. ఈ ఎడమ దిక్కు ప్లీహం ఉంటది, ఊళ్లల్ల బల్ల అంటరు చూడు, అది పెరిగింది. నెత్తుట్ల ఎర్రకణాలు మెత్తగ బిళ్లల లెక్క ఉంటయి. ప్లీహంల సన్నటి సందులుంటయి, వాటిల నుంచి వంగి దూరిపోవాలె. ముసలివి, చెడిపోయినవి దూరలేవు. వాటిని అది పట్టి ఖతం చేస్తది. అది దాని డ్యూటీ. నీ కణాలు పుట్టుకతోనే గోలీల లెక్క గుండ్రంగ, వంగకుండ బిర్రుగ ఉన్నయి. అందుకే అవి చెడ్డవే అనుకొని రోజూ పట్టుకుంటున్నది. అవి పగిలితే వచ్చేదే ఈ పసుపు."

"మరి పసరు?"

"పసరుకు దీనికి సంబంధమే లేదమ్మా."

నలభై రోజుల చప్పటి కూడు కళ్లముందు తిరిగింది. నేను నోరు తెరిచేలోపే డాక్టరమ్మ నాయిన కళ్లలోకి చూసి, "మీకు గూడ పరీక్ష చేయాలె. ఇది వంశంల వస్తది" అంది.

ఇంకో మూడు రోజులకు ఆ పరీక్షా వచ్చింది. నాయినదీ అదే జబ్బు, కాకపోతే తక్కువ. ఇరవై ఏళ్లుగా తాగుబోతన్న పేరు మోసిన మనిషి ఆ కాగితం పట్టుకుని బయట బెంచీ మీద కూర్చుని, "అరె, ఉట్టిగ మాట పడితి గదనే! దీనికన్నా తాగినా బాగుండు" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అక్కడి నుంచే ముందు పెద్దమ్మకు, తర్వాత మేనమామకు ఫోన్ చేసి, రోడ్డంతా వినేలా కడిగేశాను. (ప్లీహమంటే ఏమిటో వాళ్లకు అర్థం కాలేదు. తిట్లు మాత్రం అర్థమయ్యాయి.) నాయిన ఫోన్ లాక్కుని, "చిన్నపిల్ల, ఏమనుకోకు బావా" అని పెట్టేశాడు.

"ఎందుకు గుంజుకున్నవ్? నిన్ను గన్ని మాటలన్నరు గదా!" అని ఆయన మీదే ఎగిరాను.

"ఇడువు బిడ్డా" అన్నాడు మెల్లగా. "నువ్వు గూడ నమ్మినవ్ గదా."

తర్వాత రెండేళ్లకు, ముందుగా టీకాలు వేసి, ఆపరేషన్‌తో నా ప్లీహం తీసేశారు. ఆ కథ వేరు. ఆ రోజు మాత్రం తిరుగు బస్సులో సూర్యాపేట దాకా నాయిన పక్కన సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఊరందరినీ తిట్టి, తనను తాను తిట్టుకోవడం ఎలాగో తెలియక కిటికీకి ముఖం ఆనించుకున్న ఆ పిల్లను ఇప్పుడు తలుచుకుంటే జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది.