బాగేపల్లి టోలు దాటిన మెసేజి

మా ఇంట్లో ఏది కొన్నా అన్న పేరు మీదే. కరెంటు మీటరు, గ్యాసు, ట్రాక్టరు, చివరికి కారు కూడా. బట్లహళ్ళి చుట్టుపక్కల ఉమ్మడి ఇళ్ళలో ఇది మామూలే. కారు అద్దానికి ఫాస్టాగ్ అంటించిన రోజు, టోలు దాటినప్పుడల్లా వచ్చే మెసేజిలు ఏ నెంబరుకు పంపాలని అడిగితే, నేనే నోరారా అన్న నెంబరు చెప్పాను. ఆ రోజు నా నోరు పడిపోయినా బాగుండేది.

అప్పటికి నా భార్యకు సరిగ్గా నిద్రపట్టి ఏడాది దాటింది. పొయ్యి ముందు కూర్చుని ఊరికే ఏడ్చేది. మనసుకు మందిచ్చే డాక్టరు దగ్గరికి పోదామంటే ఒకటే షరతు పెట్టింది, ఇంట్లో ఎవరికీ తెలియకూడదని. చింతామణిలో చూపిస్తే సాయంత్రానికల్లా పిచ్చిదని పేరు పెట్టేస్తారు. అందుకే అనంతపురం. చిక్కబళ్ళాపురంలో ఆమె చెల్లెలింటికని చెప్పి, బాగేపల్లి మీదుగా వెళ్ళేవాళ్ళం. నాలుగోసారి తిరిగొస్తూ ఆమె కారులోనే నిద్రపోయింది, గురకపెట్టి మరీ. పాటలు ఆపేసి మెల్లగా నడిపాను.

మరుసటి వారం మా నాయన తద్దినం. బంధువులంతా విస్తళ్ళ ముందున్నారు. అన్న జేబులోంచి ఫోను తీసి, కళ్ళజోడు పెట్టుకుని, టోలు మెసేజిలు ఒక్కొక్కటే చదివాడు. తేదీ, గంట, నిమిషంతో సహా. పోయినవీ, వచ్చినవీ. నాలుగు ప్రయాణాలనూ భద్రంగా దాచిపెట్టుకున్నాడు మహానుభావుడు.

"చిక్కబళ్ళాపురమని చెప్పి, బాగేపల్లి టోలు దాటి యాడికి పోతాండావప్పా? ఆ పక్క భూమి కొంటాండావా?"

వాళ్ళకు తట్టింది అంతే. మొగుడూ పెళ్ళామూ గుట్టుగా పోతే భూమి కోసమే పోవాలి, వేరుపడటానికే పోవాలి. తినేవాళ్ళంతా చెయ్యి ఆపి నా మొహం చూశారు. అవును, కొంటున్నానని అబద్ధం చెప్పేద్దామనుకున్నాను. ఈలోపే చారు వడ్డిస్తున్న నా భార్య గరిటె కింద పెట్టింది.

"భూమికి కాదు బావా. మీ తమ్ముడు నన్ను పిచ్చి డాక్టరు దగ్గరికి పిల్చుకొని పోతాండాడు."

ముందే చెప్పి ఉంటే సరిపోయేది కదా అంటూ అన్న ఫోను జేబులో పెట్టుకుని, పాయసం వడ్డించమన్నాడు. ఛీ. ఆ మనిషి మీద రోత పుట్టింది. మనం ఎటు పోయామో ఇంకొకరి జేబులో మోగించే ఆ ఏర్పాటు మీద రోత పుట్టింది. నెంబరు చెప్పిన నా మీద అన్నిటికంటే ఎక్కువ పుట్టింది. ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు.

రెండు రోజులు తిరిగి, అన్న చేతే ఓటీపీ చెప్పించుకుని, ఫాస్టాగ్‌ను నా నెంబరుకు మార్పించాను. ఇక మెసేజి నాకొక్కడికే వస్తుందని ఏదో ఘనకార్యం చేసినట్టు ఆమెకు చెప్పాను. చీర మడతపెడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఎవురికో ఒకరికి రావాల్సిందేనా?"

డాక్టరు దగ్గరికి పోవాల్సిన మంగళవారం, చింతామణి బస్టాండులో ఆమెను బాగేపల్లి బస్సు ఎక్కించాను. నన్ను రావద్దంది. మా రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం, పేరూ ఊరూ ఉన్న ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కండక్టరు అదే అడగడం కిటికీ బయట నుంచి నాకు వినబడింది. సంచిలో ఉన్న కార్డు ఆమె బయటికి తీయలేదు. కొంగు ముడి విప్పి, డబ్బులిచ్చి టికెట్టు కొనుక్కుంది.