ఎవరికోసమో వేసిన పళ్ళెం

మా మేడ మీద అద్దెకున్న పోలండ్ అమ్మాయి ఆ డిసెంబరు నెలంతా నన్ను కాల్చుకు తింది. తొంభైల చివరి సంగతి. కూచిపూడిలో మెయిన్ రోడ్డు పక్కనే మా ఇల్లు. నేను పామర్రులో టీచర్‌ని. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. నాట్యం నేర్చుకోవడానికి విదేశాల నుంచి వచ్చేవాళ్ళు మా ఊరికి కొత్తేం కాదు గానీ, తన ఇంటికి చుట్టం వస్తోందని మమ్మల్ని ఇలా పరుగులు పెట్టించింది మాత్రం ఈ పిల్లొక్కతే.

వస్తున్నది వాళ్ళమ్మ. క్రిస్మస్ చూసుకుని వెళ్తానని పైకి చెప్పింది గానీ తిరుగు టికెట్లు రెండు కొనుక్కుని బయలుదేరింది. భర్త పోయాక ఆవిడకి మిగిలింది ఈ కూతురే. ఊరుకాని ఊళ్ళో జ్వరమొస్తే నీకు దిక్కెవరు అన్నది ఆవిడ బెంగ. పిల్లకేమో ఇంకా రెండేళ్ళ శిక్షణ మిగిలుంది.

"ఈ ఒక్క పండగా నా ఇంట్లో, నా చేత్తో బాగా చేసి చూపించాలక్కా. అప్పుడే మా అమ్మ నన్నిక్కడ ఉండనిస్తుంది" అని నా చెయ్యి పట్టుకుంది. తెలుగు మా వీధిలోనే నేర్చుకుంది కాబట్టి బతిమాలడం కూడా అచ్చం మాలాగే వచ్చు. నేను కరిగిపోయాను.

వాళ్ళకి అసలు పండగ ఇరవై నాలుగో తారీకు సాయంత్రం. ఆ రోజు మాంసం ముట్టరు, చేపలు మాత్రం ఉండాలి. ఆకాశంలో మొదటి చుక్క కనబడేదాకా భోజనానికి కూర్చోరు. నేను బెజవాడ వెళ్ళి బీట్‌రూట్లు మోసుకొచ్చాను. చేపల సంగతి అమ్మ చూసుకుంది. గిన్నెలో ఎర్రగా మరుగుతున్న బీట్‌రూట్ సూప్‌ని గరిటెతో ఎత్తి చూసి, "పోపు లేని చారా? దీనికా ఇంత ఆరాటం?" అంది. నేను మోచేత్తో పొడిచాను.

వాళ్ళమ్మ పొడగరి, మాట తక్కువ. వచ్చిన రెండు రోజుల్లో ఆవిడ నవ్వగా నేను చూడలేదు. గోడల చెమ్మ, దోమతెరకి చిల్లు, కూతురి కాయలు కాసిన పాదాలు, అన్నీ మా స్కూలు తనిఖీకి వచ్చిన ఆఫీసరులా చూసేది. నాకు ఒళ్ళు మండేది.

ఆ సాయంత్రం ఆవిడ బాల్కనీలో నిలబడి చుక్క కోసం వెతుకుతోంది. మా గేటు పక్కన వెదురు గడకి కట్టిన కాగితం నక్షత్రాన్ని అమ్మ చూపించి, "ఇదుగోండి చుక్క, నెల మొదట్నుంచీ వెలుగుతూనే ఉంది. రండి, చల్లారిపోతోంది" అంది. మాట అర్థం కాకపోయినా ఆవిడ లోపలికి వచ్చింది.

చాప మీద మా స్టీలు పళ్ళేలు వేసి ఉన్నాయి. మనుషులం నలుగురం, పళ్ళేలు ఐదు.

"ఐదోది ఎవరికే?" అంది అమ్మ.

"ఎవరికీ కాదు పిన్నిగారూ. అనుకోకుండా ఎవరైనా వస్తే వాళ్ళకి. మా ఆచారం."

"ఎవరూ రాకపోతే?"

"ఖాళీగానే ఉంటుంది."

అమ్మ మొహం మారిపోయింది. వేసిన పళ్ళెం ముందు మనిషి లేకపోతే మా ఇళ్ళలో పెద్దవాళ్ళకి మనసు కీడు శంకిస్తుంది. "పండగపూట ఖాళీ పళ్ళెమేంటమ్మా!" అంటూ లేచి, బాల్కనీలోంచి పక్కింటికి కేకేసింది. "ఇదుగో, పైకి రా! నీకు పళ్ళెం వేసుంది!"

వచ్చింది టైలరమ్మ. ఈ పిల్ల డాన్సు డ్రస్సులన్నీ ఆవిడే కుడుతుంది. రంజాన్ నెల కావడంతో అప్పుడే ఉపవాసం విడిచి, గుప్పెట్లో ఖర్జూరాలతో వచ్చింది. ఈవిడ కూడా పొద్దుగూకేదాకా మంచినీళ్ళైనా ముట్టలేదని కూతురు చెప్పగానే, పోలండ్ ఆవిడ ఒక ఖర్జూరం తీసుకుని నోట్లో వేసుకుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. టైలరమ్మ కూర్చోగానే పోలండ్ ఆవిడ లేచి ఇంకో ఖాళీ పళ్ళెం తెచ్చి వేసింది. ఒకటి ఖాళీగా ఉండాలి కదా మరి! "ఇంకెవరినైనా పిలవమంటోంది కాబోలు" అని అమ్మ మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళింది. ఈసారి పాలాయన క్యాన్లు మెట్ల కింద పెట్టి వచ్చాడు. ఆవిడ ఇంకో పళ్ళెం వేసింది. పట్టుదలలో ఇద్దరూ ఇద్దరే. అంతలో మా చర్చి వాళ్ళు పాటలు పాడుకుంటూ గేటు దగ్గరికి వచ్చారు. ఇక చెప్పాలా, డోలకుతో సహా అందరూ పైకొచ్చేశారు.

చేప ముక్కలు అయిపోయాయి. పళ్ళేలూ అయిపోయాయి. అమ్మ పెరట్లో అరిటాకులు కోయించి, కింద మా వంటింట్లోంచి అన్నం, పప్పు, గోంగూర పచ్చడి పైకి తెప్పించింది. పిల్ల మొహం పాలిపోయింది. పోలండ్ ఆవిడ చివరి ఆకు పట్టుకుని గది మధ్యలో నిలబడి ఉంది. ఆ ఆకు వెయ్యడానికి ఎక్కడా చోటు లేదు. చూస్తుండగానే ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

అయిపోయింది, రెండో టికెట్‌కి పని పడింది అనుకున్నాను. అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది.

కూతురు వెళ్ళి భుజం పట్టుకుంది. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. కూతురు మా వైపు తిరిగింది.

"చిన్నప్పట్నుంచీ ఏటా ఈ పళ్ళెం వేస్తూనే ఉందట. ఒక్కసారి కూడా ఎవరూ వచ్చి కూర్చోలేదట. నేనిక్కడికి వచ్చాక, కిందటి పండక్కి ఇంట్లో రెండే పళ్ళేలట. తనదొకటి, ఖాళీదొకటి."

డోలకు వాయించే ఆయన కూడా తల దించుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని మా అమ్మని సూటిగా ఏదో అడిగింది. "నాకు జ్వరమొస్తే వీళ్ళంతా వస్తారా అని" అంది పిల్ల.

"రావడమా! వద్దన్నా వెళ్ళరు. అదేగా మా బాధ" అంది అమ్మ. అది కూతురి నోటి నుంచి వినగానే ఆవిడ నవ్వింది.

జనవరిలో ఆవిడ ఒక్కతే వెళ్ళింది. బెజవాడ స్టేషన్‌లో రైలెక్కి, కిటికీలోంచి కూతురితో ఏదో చెప్పింది. "వచ్చే ఏడు ఆ పళ్ళెం దగ్గర ఎవరినీ కూర్చోపెట్టొద్దంటోంది పిన్నిగారూ. చెప్పకుండా వచ్చి తనే కూర్చుంటుందట."

"చెప్పకుండా వస్తానని ముందే చెప్పి వెళ్ళే చుట్టాన్ని ఇప్పుడే చూస్తున్నా" అంది అమ్మ. అంటూనే కొంగుతో కళ్ళొత్తుకుంది.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. ఇరవై నాలుగో తారీకు సాయంత్రం మేడ మీద చాప పరిచాం. అమ్మ బాల్కనీలోకి వెళ్ళింది గానీ ఎవరికీ కేకెయ్యలేదు. రోడ్డు మీద ఆగిన ప్రతి ఆటోనీ చూస్తూ నిలబడింది. ఖర్జూరాలతో వచ్చిన టైలరమ్మ అలవాటుగా ఆ పళ్ళెం ముందు కూర్చోబోతే, అమ్మ గబగబా లోపలికి వచ్చి ఆపింది.

"నీకు ఆ పక్కన వేశానమ్మా. ఈ పళ్ళెం తాలూకు మనిషి దారిలో ఉంది."