యాదన్నను అడగకుండా ఇచ్చిన తీర్పు

2022, చలికాలం. ఇబ్రహీంపట్నంలో ఒక కాలేజీ గ్రౌండు, అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఫైనల్. రిఫరీని నేను. అప్పటికి పదిహేనేళ్లుగా విజిల్ ఊదుతున్నాను.

మా రిఫరీల బతుకు గురించి ముందే ఒక సంగతి చెప్పాలి. మ్యాచ్ రోజు మాతో ఎవరూ కూర్చోరు. ఒక జట్టు కోచ్‌తో నవ్వుతూ మాట్లాడితే రెండో జట్టు మొహం మాడ్చుకుంటుంది. అందుకే నా టిఫిన్ డబ్బా ఏ మెట్ల మీదో ఒక్కదాన్నే తెరుచుకుంటాను. అలవాటైపోయిందని అందరితో అంటాను గానీ అది అబద్ధం.

ఇబ్రహీంపట్నంలో మాత్రం యాదన్న ఉండేవాడు. పొద్దున చెరువులో చేపలు పట్టి, మధ్యాహ్నానికి చొక్కా మార్చుకుని టైమ్‌కీపర్ కుర్చీలో కూర్చునేవాడు. ఆట గడియారాన్ని నడిపేదీ ఆపేదీ టైమ్‌కీపరే. స్కూల్లో ఆడిన ఆట మీద మోజు అతన్ని వదల్లేదు. నన్ను చూడగానే "చెల్లె, చాయ్ తాగినవా?" అని ఫ్లాస్కు మూత తీసేవాడు. నేను తిరిగే గ్రౌండ్లన్నిటిలో ఆ మాట అడిగే మనిషి అతనొక్కడే.

ఫైనల్లో ఊరి జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. ఇంకా మూడు సెకన్లు. బంతి వాళ్లదే. కోర్టు గీత బయటి నుంచి విసిరిన బంతిని లోపల ఎవరైనా తాకగానే గడియారం మొదలవ్వాలి. అందుకున్న అమ్మాయి మౌనిక, యాదన్న మేనకోడలు. ఎదుటి జట్టు అమ్మాయి ఆమె మీదికి వచ్చి అడ్డంగా నిలబడింది. అంత దగ్గరగా అడ్డుకున్నప్పుడు బంతిని ఐదు సెకన్లకు మించి పట్టుకోకూడదు. ఆ లెక్క రిఫరీ సెకనుకోసారి చేయి ఊపుతూ వేయాలి. వేస్తున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అప్పుడు మౌనిక పక్కకు తిరిగి బంతి వేసింది. బాస్కెట్ పడింది. ఆ తర్వాత బజర్ మోగింది.

గ్రౌండంతా ఈలలు, కేకలు. కానీ మిగిలింది మూడే సెకన్లు; నా చేయి నాలుగోసారి ఊగేలోపే ఆట ముగిసిపోయి ఉండాలి. గడియారం ఆలస్యంగా మొదలైందన్నమాట. నాకు రవ్వంత అనుమానం లేదు. విజిల్ ఊది, బాస్కెట్ చెల్లదని అక్కడికక్కడే చేతులు ఊపాను.

టేబుల్ దగ్గరికి వెళ్లి టైమ్‌కీపర్‌ను అడిగి తేల్చడం పద్ధతి. నేను అడగలేదు. నా లెక్క మీద నాకంత గీర.

"మేనకోడలి కోసం గడియారం ఆపిండు!" అని ఎవరో అరిచారు. "దొరికిండు, దొరికిండు!" అని ఇంకెవరో అందుకున్నారు. యాదన్న లేచి ఏదో చెప్పబోయాడు. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. మౌనిక మామ వైపు చూడకుండా బూట్ల లేసులు విప్పుకుంటోంది.

స్కోరు షీటు మీద సంతకం పెట్టాను. అది పడ్డాక ఇక మార్చేదేమీ ఉండదు. యాదన్న ఫ్లాస్కును సంచిలో సర్దుకుంటున్నాడు.

"నువ్వు కావాలని చేయలేదని నాకు తెలుసు యాదన్నా," అన్నాను.

"పిల్ల చేతిల బాల్ పడంగనే దాన్నే చూసుకుంట కూసున్న. బటన్ నొక్కుడు లేటైంది. తప్పు నాదే."

"మరి నేను చెప్పింది సరైందే కదా?"

"అవ్, సరిగనే చెప్పినవ్. కాని ఒక్కసారి అడుగుతవనుకున్న చెల్లె. అడిగితే అందరి ముంగట నేనే చెప్తుంటి. ఇప్పుడు గదే మాట చెప్తే, దొరికినంక ఒప్పుకున్నడంటరు."

మైకు అడిగి తీసుకుని, టైమ్‌కీపర్ మోసం చేయలేదని చెప్పాను. అప్పటికే సగం మంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు.

మరుసటి ఏడు ఆ కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. యాదన్న నాకు బస్టాండు దగ్గర కనిపించాడు, తలమీద చేపల గంపతో. "బాగున్నరా మేడం?" అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. చెల్లె అని పిలవలేదు. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది.

ఇప్పుడు నా లెక్క ఎంత గట్టిదైనా ముందు టేబుల్ దగ్గరికే వెళ్తాను. "ఏమైంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతాను. ఎవరి తప్పును వాళ్ల నోటితో చెప్పనివ్వాలి. ఆ రోజు టేబుల్ నాకు పదడుగుల దూరంలో ఉంది. ఆ పదడుగులు నడిచి ఉంటే, ఇబ్రహీంపట్నంలో నన్ను చాయ్ తాగినవా అని అడిగే మనిషి ఇంకా ఉండేవాడు.