ట్రయల్ ఆర్డర్

ఆ మధ్యాహ్నం ఆఫీసు గదిలో నేను, ఒక కంప్యూటర్, తిరగని ఫ్యాన్. షెడ్డులో చెరకు నరికే కత్తుల యంత్రం, దాని లోపల ఫిట్టర్ యాదన్న. బోధన్ దగ్గర మా చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ ముగిసి మరమ్మతులు జరుగుతున్నాయి. కంప్యూటర్లో నేను వర్క్ ఆర్డర్ రిలీజ్ చేయగానే అది పనివాళ్ల ఫోన్లకు వెళ్తుంది. వాళ్లు పని మొదలుపెడతారు.

మిగిలిన ఆర్డర్లన్నీ ఒకేసారి రిలీజ్ చేశాను. వాటిలో అదే కత్తుల యంత్రాన్ని నడిపి చూసే ట్రయల్ ఆర్డర్ కూడా ఉందని ఆ తర్వాత చూశాను. ఎలక్ట్రీషియన్ రఫీక్ భాయ్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పరుగెత్తాను.

మోటారు గదిలో ఆయన చెయ్యి స్విచ్ మీద ఉంది.

"భాయ్, ఆగు. యాదన్న లోపల్నే ఉన్నడు."

ఆయన మెల్లగా చెయ్యి తీశాడు. "ఆర్డర్ నువ్వే పంపితివి గదా తమ్మీ," అన్నాడు.

యంత్రం దగ్గరికి వెళ్లేసరికి యాదన్న తల బయటపెట్టి నవ్వాడు. "ఏంది సారూ, గట్ల ఉరికొస్తున్నవ్? కుక్క ఎంబడి వడ్డదా?"

"ముందు దిగన్నా."

"జర ఆగు, ఈళ్లను లేపనీ. లోపల సల్లగుందని బువ్వ తిని పండుకున్నరు."

మరమ్మతు ఆర్డర్‌లో ఉన్నది యాదన్న పేరొక్కటే. లోపలి నుంచి నలుగురు దిగారు.