డబ్బా చెర్రీలు

“...అని నువ్వెవరమ్మా చెప్పడానికి? డబ్బా మీద ఇంత లావు అక్షరాలతో చెర్రీ అని రాసుంటే, కాదంటావేంటి?”

“రాసేవోళ్లు ఏమన్నా రాస్తారు సారూ. అది చెర్రీ కాదు.”

“మరేంటి? టమాటానా?”

“కలివికాయ,” అంది రమణి.

సోమశేఖర్ నవ్వాడు. విజయవాడలో పుట్టి పెరిగినవాడు, ఆ మాట ఎప్పుడూ వినలేదు. స్టీలు బల్ల మీదున్న డబ్బాను వెనక్కి తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, సన్నటి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

“ఇదిగో, కరోండా అని ఉంది. కలివీ లేదు, గిలివీ లేదు.”

“కరోండా అంటే ఏంది మల్ల?”

“రకం. మామిడిపళ్లలో బంగినపల్లి లేదూ? అలాగే చెర్రీల్లో కరోండా.”

“మీ పక్క దాన్ని వాక్కాయ అంటారంట సారూ. పప్పులో ఏసుకుంటారే, అది.”

“వాక్కాయ పప్పు మా అమ్మ వారం వారం చేసేది. వాక్కాయ నాకు తెలీదా? అది పచ్చగా పుల్లగా చస్తుంది. ఇది ఎర్రగా తియ్యగా ఉంది. కాస్త బుర్ర పెట్టి మాట్లాడు.”

రెండో అట్టపెట్టె మోసుకొచ్చిన డ్రైవర్ అసిఫ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. అతను రాయచోటివాడు. కలివికాయ అంటే ఏమిటో అతనికి బాగా తెలుసు. రమణి అతని వైపు చూసింది. అతను పెట్టె దింపి, చేతులు దులుపుకుని, బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

అరబ్బు దేశంలో, అల్ రాయ్‌లో, కార్ల వర్క్‌షాపుల వెనక వీధిలో ఉంది ఆ కిచెన్. ఫ్రెంచి కేకులూ, పళ్లతో చేసే తీపివంటలూ ఇక్కడ చేసి ఇళ్లకు పంపుతారు. ఆ రోజు గురువారం. జాబ్రియాలో ఒక ఇంట్లో నిశ్చితార్థం. సాయంత్రం నాలుగింటికల్లా మూడు వందల చెర్రీ మదలీన్లు, చిప్ప ఆకారపు చిన్న కేకులు, ఆ ఇంటికి చేరాలి. పెట్టెల మీద అంటించాల్సిన స్టిక్కర్లు ముందురోజే అచ్చయి వచ్చాయి. ‘లెబనాన్ తాజా చెర్రీలతో’ అని అరబ్బీలో బంగారు రంగు అక్షరాలు.

చెర్రీలు ముందే చెప్పి పెట్టమని రమణి ఆదివారం నాడే అడిగింది. చూద్దాంలే అన్నాడు సోమశేఖర్. అతను అక్కడ మేనేజరు. మంగళవారం మళ్లీ అడిగితే, నాకు చెప్పక్కర్లేదు అన్నాడు. బుధవారం సాయంత్రం మార్కెట్‌కు మనిషిని పంపితే మిగిలిన నాలుగు పెట్టెల్లో సగం కాయలకు బూజు. గురువారం ఉదయానికి ఇండియా సరుకుల గోడౌన్ నుంచి ఈ డబ్బాలు దిగాయి.

అది చెర్రీ కాదని రమణికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎనిమిదేళ్లు తన చేత్తో చేసింది.

రమణిది కడప జిల్లా, లంకమల కొండల కింద పల్లె. అడవిలో కలివి కంపలు ఎక్కువ. ఊళ్లో ఆడవాళ్లు ముళ్లు గీరుకుంటూ పచ్చికాయలు కోసుకొచ్చి ఊరి బయటి రేకుల షెడ్డులో పోసేవాళ్లు. షెడ్డులో వరసగా కూర్చుని కాయను రెండుగా చీల్చి గింజ తీయడం రమణి పని. ఏడో తరగతి మానేసిన ఏటి నుంచి పెళ్లయ్యేదాకా అదే చేసింది. కాయ కోస్తే పాలు కారతాయి. ఆ పాలు వేళ్లకు బంకలా పట్టి, నల్లబడి, కిరసనాయిలుతో రుద్దితే గానీ వదిలేవి కావు. తీసిన కాయల్ని ఉప్పునీళ్లలోనూ, ఆ తర్వాత ముక్కు మండే మందునీళ్లలోనూ ఊరబెట్టేవారు. కొన్నాళ్లకు పులుపూ పోయి, పచ్చదనమూ పోయి, కాయ తెల్లగా దూదిలా అయ్యేది. అప్పుడు ఎర్రరంగు కలిపి పాకంలో ఉడికించేవారు. పీపాలు లారీకి ఎక్కించే ముందు మేస్త్రి సుద్దముక్కతో చెర్రీ అని రాసేవాడు.

మిరపకాయను మజ్జిగలో ఊరబెట్టి ఎండేస్తే ఊరమిరపకాయ అయినట్టు, కలివికాయను పాకం పడితే చెర్రీ అవుతుందని రమణి అనుకుంది. అలా కాదని చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

ఇరవై తొమ్మిదో ఏట ఖద్దామా వీసా మీద, అంటే ఇంటి పనిమనిషిగా, మిష్రిఫ్‌లో ఒక విల్లాకు వచ్చింది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, పారిస్‌లో మూడు నెలలు ఫ్రెంచి తీపివంటలు నేర్చుకుని అప్పుడే తిరిగొచ్చింది. ఒకరోజు రమణిని జమియాకు, అంటే పేటలోని సరుకుల దుకాణానికి, పంపి కరజ్ తెమ్మంది. కరజ్ అంటే ఏమిటని కౌంటర్ దగ్గర అడిగితే చెర్రీ అన్నారు. రమణికి ధైర్యం వచ్చింది. పళ్ల వరస వైపు చూడనైనా చూడకుండా డబ్బాల వరసకు పోయి, తనకు బాగా తెలిసిన ఎర్రటి కాయల డబ్బా తీసుకొచ్చింది.

మామా మూత తీసి ఒకటి నోట్లో వేసుకుంది. ఉమ్మేసింది. డబ్బా మొత్తం సింకులో బోర్లించింది. ప్లాస్టిక్ అంది, అబద్ధం అంది, ఇంకా రమణికి అర్థంకాని మాటలు చాలా అంది. అంతటితో ఊరుకోక మణికట్టు పట్టుకుని కారెక్కించి, అదే జమియాకు తీసుకుపోయి, పళ్ల వరస ముందు నిలబెట్టి, తొడిమ ఉన్న నల్లెర్రటి పండు ఒకటి రమణి నోట్లో పెట్టింది. కొరికితే రసం గడ్డం మీదికి కారింది. లోపల గుండ్రటి గట్టి గింజ.

రమణి ఆ గింజను అరచేతిలో పెట్టుకుని నిలబడింది. మొదట సిగ్గేసింది. ఇంటికి తిరిగొచ్చేసరికి సిగ్గు పోయి కోపం మిగిలింది. మామా మీద కాదు. పీపాల మీద రాసిన మేస్త్రి మీద. వాడికి తెలుసు.

మదలీన్లు మామాయే నేర్పింది. వెన్న కాచడం దగ్గర రమణికి నేర్పాల్సింది లేకపోయింది. నెయ్యి ఎప్పుడు దించాలో తెలిసిన ముక్కు. అయితే మామా నెయ్యి దగ్గర ఆగనివ్వలేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అని అడుగున కసటు వేరుసెనగ పొట్టు రంగుకు తిరిగి, వేయించిన గింజల వాసన వచ్చేదాకా ఉంచింది. పిండి కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. చిప్పల ఆకారం అచ్చులకు వెన్న పూసి, మైదా చల్లి, అవీ చల్లబరచాలి. చల్లటి పిండి ఒక్కసారిగా వేడి తగలగానే నడుమ ఉబ్బి పైకి లేస్తుంది. ఆ ఉబ్బును మామా సనామ్ అనేది, ఒంటె మూపురం. రమణికది ఎద్దు మూపురం. అది లేవని వాయి ఏదైనా మామా దృష్టిలో మదలీన్ కాదు, బిస్కెట్. ఖలాస్, పారెయ్ అనేది. మొదటి ఏడాది రమణి ఎన్ని వాయిలు పారేసిందో లెక్క లేదు. ఏడుస్తూ పారేసేది.

చెర్రీలు వచ్చే రెండు నెలలూ ఆమెకు వేరే పని ఉండేది కాదు. గింజ తీసే పరికరం మామా పారిస్ నుంచి తెచ్చింది గానీ రమణి దాన్ని ముట్టుకోలేదు. జడపిన్నుతో తొడిమ దగ్గర గుచ్చి తిప్పితే పండు నలగకుండా గింజ ఊడొచ్చేది. చెర్రీ టార్టులు, యాలకుల కస్టర్డ్ మీద ఉడికించిన చెర్రీలు, గింజలతో సహా గుడ్డుపిండిలో కాల్చే క్లఫూతీ. ఈ చివరిది తిన్న చుట్టాలు పళ్లు విరుగుతాయని గోల చేస్తే, ఫ్రాన్స్‌లో ఇలాగే చేస్తారు, తినేవాళ్లు తినండి, తిననివాళ్లు లేవండి అంది మామా. అప్పుడు రమణికి మామా అంటే ఎంతో గౌరవం కలిగింది.

తర్వాత మామా ఈ కిచెన్ తెరిచింది. రెండేళ్ల కిందట ఇంటి వీసాల వాళ్లు కంపెనీ వీసాకు మారొచ్చని కొన్నాళ్లు అనుమతి వచ్చినప్పుడు, రమణిని షూన్ వీసాకు, అంటే ఆ కంపెనీ వీసాకు, మార్పించింది. కొత్త ఇఖామా కార్డులో ఖద్దామా అన్న మాట పోయి తీపివంటల పనివారు అని పడింది. అసిఫ్ చేత రమణి అది రెండుసార్లు చదివించుకుంది.

“సరే, నీ మాటా నా మాటా వద్దు,” అన్నాడు సోమశేఖర్. “వీటితో ఒక వాయి వెయ్యి. చూద్దాం.”

రమణి వేసింది. రాత్రి నుంచి నానిన పిండే, అదే వేడి, అవే నిమిషాలు. పాకం పట్టిన ముక్క బరువుకు పిండిలో అడుగుకు దిగిపోయింది. మూపురం లేవలేదు. ముక్క చుట్టూ గులాబీ రంగు మరకలా పాకింది. పన్నెండూ బల్ల మీద బోర్లించి, ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

“చూడండి సారూ. మూపురం యాడుంది?”

సోమశేఖర్ ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. నములుతూ నములుతూ ఆగిపోయాడు. మొహం మెత్తబడింది.

“అబ్బా. ఏలూరు రోడ్డులో మా స్కూలు పక్క బేకరీ కేకు గుర్తొచ్చింది. అచ్చం ఇదే టేస్టు.” రెండోది తీసుకున్నాడు. “నువ్వు అనవసరంగా కంగారు పడుతున్నావు గానీ, బ్రహ్మాండంగా ఉందమ్మా. దీన్ని వద్దనేవాళ్లు ఎవరు?”

“మీరు చిన్నప్పుడు తిన్నదీ కలివికాయే సారూ. ఆ పీపాల్లోకి కాయ తీసినోళ్లలో నేనూ ఉండానేమో.”

“అయితే ఇంకేం, నీ చేతి వంటే కదా. పెట్టు మరి.”

“పెట్టను.”

“ఏంటీ?”

“నేను పెట్టనంటాండా. ఆ కాగితం మీద లెబనాన్ అని రాసినారు, తాజా అని రాసినారు. దాని కింద నా చేత్తో ఇది పెట్టమంటారా? ఒకపారి తెలీక చేసినా. ఎనిమిదేండ్లు చేసినా. తెలిసి చెయ్యను.”

“రమణీ, ఎవరితో మాట్లాడుతున్నావో గుర్తుపెట్టుకో.”

“గుర్తుండాది సారూ. ఆదివారం చెప్తే చూద్దాంలే అన్నాయనతో.”

అతని మెడ ఎర్రబడింది. మిగిలిన ముక్కను పళ్లెంలో విసిరేశాడు. “ఇళ్లల్లో గిన్నెలు తోముకునేదాన్ని తెచ్చి ఇక్కడ నిలబెడితే ఇలాగే ఉంటుంది. షూన్ వీసా నీకు పుట్టుకతో రాలేదు. కంపెనీ ఇచ్చింది. క్యాన్సిల్ కొట్టించడం నాకు ఒక్క మెయిలు పని. మధ్యాహ్నానికల్లా ఈ మూడు వందలూ అవ్వకపోతే, రేపు నువ్వు ఇక్కడ ఉండవు. కడప బస్సు స్టాండులో చెప్పుకో నీ కలివికాయ సంగతి.”

“మామాకు ఫోన్ చెయ్యండి.”

“చేస్తా. నువ్వే విను.”

మామా లండన్‌లో ఉంది. అతను ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాడు. తన ఇంగ్లీషులో రెండు ముక్కల్లో చెప్పాడు: మార్కెట్లో చెర్రీలు లేవు, డబ్బా చెర్రీలు తెప్పించాను, రమణి వెయ్యనంటోంది. ఆదివారం సంగతి చెప్పలేదు.

“రమణీ,” అంది మామా అరబ్బీలో. “ఎర్రగా ఉన్నాయా?”

“ఉన్నాయి మామా.”

“తియ్యగా ఉన్నాయా?”

“మామా, ఇవి మిష్రిఫ్ ఇంట్లో నువ్వు సింకులో పోసిన డబ్బా చెర్రీలు. అవే.”

ఫోన్‌లో కప్పుల, చెంచాల చప్పుడు మధ్య మామా గొంతు వినిపించింది.

“అది వేరు రమణీ. అది మా ఇంట్లో తినడానికి. ఇది ఆర్డర్. నిశ్చితార్థంలో ఎవరు చూస్తారు? ఫోటోలు తీసుకుంటారు, తింటారు, వెళ్లిపోతారు. సోమ చెప్పినట్టు చెయ్యి. నాకు ఇక్కడ మనుషులున్నారు. యల్లా, కానివ్వు.”

ఫోన్ ఆగిపోయింది.

సోమశేఖర్ ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. “విన్నావుగా?”

“విన్నా.”

“ఇంకేమైనా ఉందా?”

రమణి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. గిన్నెలు తోముకునేది అని ఇతను అన్నప్పుడు ఇంత మంట రాలేదు. మా ఇంట్లో తినడానికి అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. ఎన్ని వాయిలు పారబోయించింది! ఎన్నిసార్లు, నోటికి అబద్ధం చెప్పకూడదని తిట్టింది! అదంతా ఆ ఇంటి నోటి కోసమేనా?

ఆమె ఫ్రిజ్ తలుపు తీసి, రాత్రి కలిపిన పిండి గిన్నెలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. చల్లటి అచ్చులు తీసింది. డబ్బాలున్న అట్టపెట్టెను కాలితో గుమ్మం దాకా నెట్టింది.

“ఏం చేస్తున్నావ్?” అన్నాడు సోమశేఖర్.

“సారూ, మెయిలు కొట్టుకోండి. మూడు నూర్లు చేస్తా, చెర్రీ లేకుండా చేస్తా. పెట్టెల మీద ఆ కాగితం అంటించను. మూడున్నరకు అసిఫ్ బండిలో నేనూ ఎక్కుతా. జాబ్రియాలో ఆ ఇంటామె ముందర నిలబడి, చెర్రీ లేదని నేనే చెప్తా.”