మూడు పేటల ఫ్యూజు

మా కరెంటు మేస్త్రిగారు రేపల్లెలో పోయారన్న సంగతి నాకు బాపట్ల బస్టాండులో తెలిసింది. పక్కన కూర్చున్న ఒకతను ఇంకొకతనితో, "తెనాలిలో సినిమా హాలు తగలబెట్టాడే, ఆ మేస్త్రి మొన్న పోయాడంట" అన్నాడు. సంచి కింద పెట్టి అతని ముందుకెళ్ళి నిలబడ్డాను.

"ఆయన తగలబెడుతుంటే నువ్వు చూశావేంటయ్యా?"

"నేనెక్కడ చూశాను మామ్మా! ఊరంతా అనుకునే మాటేగా."

"ఊరు చూడలేదు. నేను చూశాను. నేనక్కడే ఉన్నాను."

బస్సొచ్చిందని అతను లేచి వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం నాతోపాటు ఇంటికొచ్చింది. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. చదివే మీరు సగంలో లేచిపోకండి.

తెనాలిలో ఆ హాల్లో ఆడవాళ్ళ గేటు నాది. టిక్కెట్టు లేకుండా దోమను కూడా లోపలికి పోనిచ్చేదాన్ని కాదు. హాలు కరెంటు పనంతా మేస్త్రిగారిది. నేను అన్నా అంటే ఆయన చెల్లెమ్మా అనేవారు. ఫ్యూజుల గది నా గేటు పక్కనే. లోపలికి వెళ్ళేముందు చేతి గడియారం విప్పి నాకిచ్చేవారు. "ఇనుముని బయట వదలాలి చెల్లెమ్మా, కరెంటు చుట్టాల్ని ఇట్టే గుర్తుపడుతుంది" అనేవారు. నాకు నంబర్లు రావని ఫ్యూజు వైర్లు నా వేళ్ళ మధ్య పెట్టి, కళ్ళు మూసుకుని నలపమనేవారు. ఇది లైట్లది, ఇది ఫ్యాన్లది. నెల తిరిగేసరికి తడిమి చెప్పేదాన్ని. ఫ్యూజు పోయిందని నేను విసుక్కుంటే, "తిట్టకు, మన బదులు పోయింది" అనేవారు.

ఆ రోజుల్లో కరెంటు పోతే ఒక మనిషి పరిగెత్తుకెళ్ళి జనరేటరు వైపుకి స్విచ్చి మార్చాలి. ఓనరుగారు మద్రాసు నుంచి దానంతటదే మారే పెట్టె తెప్పించారు. అందరం మురిసిపోయాం. మేస్త్రిగారు మాత్రం, అది ఎంత కరెంటు మోయగలదో రాసిన రేకు చదివి తల పట్టుకున్నారు. జనరేటరు పెద్దది, పెట్టె చిన్నది. పెట్టెకి ముందు కరెంటు వైపొకటి, జనరేటరు వైపొకటి ఫ్యూజు ఉండాలన్నారు. అదీ రేకు మీద రాసినంతే, వీసమెత్తు ఎక్కువ కూడదన్నారు.

మేనేజరు నవ్వాడు. "దానంతటదే మారేదానికి మళ్ళీ ఫ్యూజెందుకయ్యా? గుర్రానికి కర్రకాళ్ళు కడతావా?"

"అది దారి మార్చేదేనండి, ఎక్కువొస్తే ఆపేది కాదు. కాలవ మళ్ళించే తలుపు వేరు, గట్టు తెగకుండా కాసే లస్కరు వేరు." అని, ఆ రెండు ఫ్యూజులూ పెట్టాకే పెట్టె బిగించారు.

ఒక వేసవిలో, ఆదివారం మ్యాట్నీకి ఆయన లేరు. అక్కగారికి కంటి ఆపరేషనని బాపట్ల వెళ్ళారు. ఆడవాళ్ళ వైపు చంటిపిల్లలతో కిక్కిరిసి ఉంది. కరెంటు పోయింది. జనరేటరు వేశారు, పెట్టె టక్కున మారింది, ఫ్యాన్లు నాలుగు తిప్పులు తిరిగి ఆగిపోయాయి. ఆ వారమే క్యాంటీనులో కొత్తగా ఐసు మెషిను పెట్టారు. ఆ బరువుకి జనరేటరు వైపు ఫ్యూజు పోయింది. లోపల పిల్లల ఏడుపులు, బయట మేనేజరు అరుపులు. నేనే గదిలోకెళ్ళి ఫ్యూజు కట్టాను. పోయింది. మళ్ళీ కట్టాను. మళ్ళీ పోయింది. మూడోసారి అదే వైరు మూడు పేటలు మెలేసి కట్టాను.

తెలియక కాదు. నా వేళ్ళకి తెలుసు. మేనేజరు ఏదో ఒకటి చెయ్యమన్నాడు గాని మూడు పేటలు వెయ్యమనలేదు. అతని మీదకి తొయ్యను. ఆ చెయ్యి నాది.

ఫ్యాన్లు తిరిగాయి. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. అరగంటకి పెట్టె కాలి పొగలొచ్చాయి, గది అంటుకుంది, దాని పక్కనున్న తెర కూడా పోయింది. తలుపులన్నీ తీసి జనాన్ని బయటికి తోశాను. ఒక్కరికి కూడా ఒళ్ళు కాలలేదు.

మర్నాడు పొద్దున మేస్త్రిగారు వచ్చి, మసిబారిన పింగాణీ ఫ్యూజులోంచి ఆ వైరు లాగి వేళ్ళతో నలిపారు. పెట్టె కాలిపోయింది గాని ఆ వైరు చెక్కు చెదరలేదు. నావైపు చూశారు.

"పిల్లలకేమైనా అయిందా చెల్లెమ్మా?"

"లేదన్నా."

"అయితే ఊరుకో."

ఓనరుగారు వచ్చి గట్టిగా అడిగితే, "ఊరెళ్ళేముందు ఆ ఫ్యూజు కట్టింది నేనేనండి" అన్నారు. మా ఇంటాయన పక్షవాతంతో మంచంలో ఉన్నాడు, మా ఇంటికి ఆ గేటొక్కటే ఆధారం. అది ఆయనకి తెలుసు. నోరున్నదని తెనాలంతా చెప్పుకునే నేను ఆ పూట నోరెత్తలేదు.

ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఏ హాలువాళ్ళూ మళ్ళీ పిలవలేదు. రేపల్లెలో చిన్న కొట్టు పెట్టుకుని, కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టుకుంటూ బతికారు. ఏటా సంచెడు నిమ్మకాయలు పట్టుకుని వెళ్ళేదాన్ని. "ఎవరన్నా టిక్కెట్టు లేకుండా దూరారా?" అని అడిగేవారు. ఆ రోజు సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు.

ఇకమీదట ఆ హాలు మాట ఎవరన్నా ఎత్తితే చెప్పండి. ఆడవాళ్ళ గేటు దగ్గర మామ్మ చేసింది, మేస్త్రిగారు కాదు అని.

కిందటేడు వెళ్ళి ఆయనతోనే అన్నాను. "మా ఇంటాయనా పోయాడు, గేటూ మానేశాను. ఇంక నావల్ల కాదన్నా, ఓనరుగారికి చెప్పేస్తా." ఆయన మోటారుకి తీగ చుడుతున్నారు. ఆగమని ఒక చెయ్యెత్తి, పెదాలతో చుట్లు లెక్కపెడుతూనే ఉన్నారు. చాలాసేపటికి తల తిప్పి, "నమ్మరు చెల్లెమ్మా. ఆడమనిషి ఫ్యూజు కట్టిందంటే నవ్వుతారు" అన్నారు.

"నవ్వితే పళ్ళు రాలగొడతాను."

ఆయనకి నవ్వాగలేదు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, "లెక్క తప్పించావు కదా!" అన్నారు. మళ్ళీ మొదటినుంచి చుట్టడానికి, చుట్టిన తీగంతా ఒక్కొక్క చుట్టే విప్పుతూ కూర్చున్నారు. భుజాలు ఇంకా కదులుతున్నాయి. కొత్త రాగి తీగ ఆయన ఒళ్ళో మెరుస్తూ పోగుపడుతోంది.