ప్యాడ్‌లోకి ఎక్కని సింబల్

మా వీధిలో ఒక డ్రమ్మర్ ఉన్నాడు. మార్కాపురం చుట్టుపక్కల పెళ్లిళ్లలో పాతికేళ్లుగా బ్యాండు వాయిస్తున్న మనిషి. ఆ మధ్య అతని కుడి భుజం పట్టేసింది. డ్రమ్ము మెడకు తగిలించుకుని నడవలేడు, చెయ్యెత్తి సింబల్ అనే ఆ ఇత్తడి పళ్లెం కొట్టలేడు. బ్యాండు మాస్టరు ఒక అవకాశం ఇచ్చాడు. బండి మీద కూర్చుని ఎలక్ట్రానిక్ ప్యాడ్ వాయించుకోవచ్చు. అయితే అది అసలు డ్రమ్ములాగే వినిపించాలి. పెద్దారవీడు పెళ్లి ఊరేగింపులో విని, నచ్చితే ఉంచుకుంటానన్నాడు. నచ్చకపోతే గిద్దలూరు నుంచి వేరే మనిషి వస్తాడు.

నేను పేపర్లో పనిచేసిన చివరి రోజుల్లో వీడియో వార్తల కోసం సౌండ్ ఎడిటింగ్ నేర్చుకున్న పాపానికి, డ్రమ్మర్ ప్యాడ్ చంకన పెట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"డ్రమ్ము బాగనే ఉందన్నా. సింబలే, వంటింట్లో మూత కిందపడినట్టుంది."

ల్యాప్‌టాప్‌లో డ్రమ్ముల సాఫ్ట్‌వేర్ వేసి ప్యాడ్‌కు తగిలించి విన్నాను. నిజంగా మూతే. రబ్బరు పలక మీద కర్ర తగిలితే ఎవరో ఎక్కడో రికార్డు చేసిన శబ్దం మోగుతుంది. డ్రమ్ముకు అది చాలు, ధన్‌మని అక్కడితో అయిపోతుంది. సింబల్ అలా ఊరుకోదు. మొదటి దెబ్బ మోత ఇంకా గాలిలో ఉండగానే రెండోది దాని మీద పడాలి. ఇందులో రెండో దెబ్బ పడగానే మొదటిది గొంతు నులిమినట్టు ఆగిపోతోంది. పైగా ప్రతి దెబ్బా ఒకటే. ఒకే వార్తను పేజీలో ఎనిమిది చోట్ల వేసినట్టుంది.

అతని పాత సింబల్‌నే రికార్డు చేద్దామనుకున్నాం. ఒక గదిలో గోడలకు పరుపులు ఆనించి, ఫ్యాన్ ఆపి కూర్చున్నాం. ఇద్దరికీ చెమటలు ధారకట్టాయి. మోత పూర్తిగా అణగేలోపు యర్రగొండపాలెం బస్సు హారన్ కొట్టేది. బస్సు పోతే పక్కింటి మిక్సీ.

గట్టి దెబ్బలు అయ్యాయి. మెల్లటివి కూడా కావాలి. గట్టి దెబ్బ శబ్దం తగ్గించినంత మాత్రాన మెల్లటి దెబ్బ అయిపోదు, దాని మోతే వేరు.

"మెల్లగా కొట్టు భాయ్."

ఎడమచేత్తో ధఢేల్‌మనిపించాడు.

"ఇంకా మెల్లగా."

"మెల్లగానే కొట్టినా గదన్నా!"

జనరేటరు మోతనూ లారీ హారన్లనూ దాటి వినిపించడమే ఉద్యోగంగా బతికిన చేతికి మెల్లగా అనేదొకటి ఉందని తెలియదు. ఓపిక కూడదీసుకుని అడిగాను: "ఇంట్లో మనవరాలు నిద్రపోతుంటే ఎట్ల కొడతావు?"

"పాప నిద్రపోతుంటే సింబల్ ఎందుకు కొడతా? నీకేమన్నా పిచ్చా?"

చివరికి కర్రను రెండు వేళ్ల మధ్య మాత్రమే పట్టుకోమన్నాను. అది జారి నాలుగుసార్లు నా కాలి మీద పడ్డాక మెల్లటి దెబ్బలు దొరికాయి. ఒక్కో స్థాయికి ఆరేసి దెబ్బలు, వెంటవెంటనే ఒకటే మోగకుండా మార్చి మార్చి వచ్చేలా పెట్టాను. ఒకదాని మోతను మరొకటి తుంచకుండా సరిచేశాను. మోత చివరంటా సాగేలా చూశాను. పదిహేను రోజులు పట్టింది. ఇంట్లో నాతో మాట్లాడటం మానేశారు.

పెద్దారవీడులో పొద్దున్నే ఊరేగింపు. బండి మీద అతను, పక్కన ల్యాప్‌టాప్ పట్టుకుని నేను. మాస్టరు ముందు నడుస్తూ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. బాగుందో లేదో ఆ వీపును చూసి తేల్చుకోలేక ఛస్తున్నాం.

మలుపు తిరగ్గానే ఒక ఇంటి ముందు షామియానా, కింద తలలు వంచుకుని జనం. చావు ఇల్లు. అలాంటి చోట బ్యాండు ఉన్నపళంగా ఆపాలి. మాస్టరు చెయ్యెత్తాడు, అందరూ ఆపారు. అప్పుడే పడిన సింబల్ దెబ్బ మాత్రం స్పీకర్లలో నిండుగా మోగుతూ పోయింది. డ్రమ్మర్ గబుక్కున రెండు చేతులతో ప్యాడ్‌ను కావలించుకున్నాడు. మోత ఆగలేదు. నేను కష్టపడి సాగదీసిన మోత కదా, ఎందుకాగుతుంది? షామియానా కింద తలలన్నీ లేచాయి.

మాస్టరు బండి దగ్గరికి ఉరికొచ్చి, గొంతు తగ్గించి తిట్టాడు: "చెయ్యేసి పళ్లెం పట్టుకోవాలని తెలీదా భాయ్? పాతికేళ్లు ఏం కొట్టినావు నువ్వు?"

"ఏది పట్టుకోవాల? పళ్లెం యాడుంది? చూడు!"

మాస్టరు రబ్బరు పలక వైపు చూశాడు. బండి మీద పళ్లెం లేదన్న సంగతి అప్పటిదాకా ఆయనకు గుర్తే లేదు.

"వచ్చే పెళ్లికి అది చెయ్యేస్తే ఆగేట్టు చేసుకోని రాండి," అని, ఆ ఇంటివాళ్లకు చేతులు జోడించడానికి వెళ్లాడు.

"వచ్చే పెళ్లికి అన్నాడు, వింటివా అన్నా!" అతని మొహం వెలిగిపోయింది.

విన్నాను. ఇంకో పదిహేను రోజుల చాకిరీ కళ్లముందు కనబడి ఒళ్లు మండిపోయింది.